క్రొత్త కంప్యూటరు, పాత రూటరు

ఇంటికి క్రొత్త కంప్యూటరు వచ్చిన దినమున ఇంటర్నెట్టు అందకపోయినచో, మీ తలిదండ్రులు సాధారణముగా రెండు మాటలలో నొకటి విందురు. "కంప్యూటరు చెడినది" అనునది యొకటి; "రూటరు పాతబడినది, మార్చవలయును" అనునది రెండవది. రెండును తప్పు కావచ్చును. రెండు యంత్రములును బాగుగనే యుండి, వాటి నడుమ మాట కుదరకపోవుట యను మూడవ కారణ మొకటి కలదు. దానిని తెలిసికొనుటకు 2007వ సంవత్సరపు ముచ్చట మంచి పాఠము.

ఆ యేడు జనవరి 30వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ విస్టా యను ఆపరేటింగ్ సిస్టమును సామాన్య ప్రజలకు విడుదల చేసినది. అంతకు ముందు వాడుకలో నున్నది 2001 నాటి విండోస్ ఎక్స్.పి. విస్టాలో, ఇతర యంత్రములతో సంభాషించు భాగమును మొదటినుండి క్రొత్తగా వ్రాసిరి. అంతట, ఎక్స్.పి.తో చక్కగా నడచిన రూటర్లలో కొన్ని విస్టా యెదుట మూగపోయినవి.

నాకు పరిచితుడగు ఒక ఉపాధ్యాయుని యింట నిట్లే జరిగినది. అమ్మినవారు నెట్‌వర్కు కార్డు చెడినదనిరి. ఆయన వేరొక కార్డు కొనెను, ఫలము లేకపోయెను. ప్రక్క బల్లపైనున్న పాత కంప్యూటరు అదే రూటరుతో నిక్షేపముగా పనిచేయుచుండెను. ఈ సంగతినే ఎవ్వరును లెక్కకు తీసికొనలేదు.

ప్రతి కంప్యూటరునకు ఒక చిరునామా సంఖ్య యుండవలయును. ఇంటిలో దాని నిచ్చునది రూటరు. ఇచ్చు పద్ధతికి డి.హెచ్.సి.పి. అని పేరు, దాని నియమములు 1997లో ఆర్.ఎఫ్.సి. 2131 అను పత్రమున ప్రకటింపబడినవి. "చిరునామా నిచ్చువా రెవరైన కలరా?" అని కంప్యూటరు అడుగును. "ఈ సంఖ్య తీసికొనుము" అని రూటరు చెప్పును. "అదియే యిమ్ము" అని కంప్యూటరు కోరును. "సరే" యని రూటరు ముగించును.

ఇచట నొక చిక్కు కలదు. చిరునామాయే లేనివానికి జవాబు ఎచటికి పంపవలయును? ఇంటి నంబరు లేని క్రొత్త కాపురస్థునికి కబురు రెండు విధముల అందింపవచ్చును: ఆనవాలు పట్టి అతని చేతికే యిచ్చుట, లేదా వీధిలో దండోరా వేయించుట. కంప్యూటరు తన విన్నపములో 0 యను గుర్తుంచినచో జవాబు నేరుగా రావలయునని యర్థము. 1 ఉంచినచో దండోరా కావలయునని యర్థము. ఎక్స్.పి. 0 వేయుచుండెను, విస్టా 1 వేసెను. నియమములలో రెండును కలవు. కాని కొన్ని రూటర్లకు ఆ 1 మ్రింగుడు పడలేదు. అడిగినది న్యాయమైన కోరికయే. అయినను చిరునామా రాలేదు.

రెండవ తగవు ఇంకను సూక్ష్మమైనది. సమాచారము పంపువాడు, "అందినది" అను రసీదు వచ్చులోపల ఎన్ని బైట్లు పంపవచ్చునో పుచ్చుకొనువాడు చెప్పును. ఆ సంఖ్య వ్రాయుటకు 16 బిట్ల చోటు మాత్రమే కలదు. కావున 65,535కు మించరాదు. లెక్క వేయుడు. దూరదేశమునకు పోయి వచ్చుటకు సెకనులో అయిదవ వంతు పట్టినచో, సెకనుకు 3,27,675 బైట్లకు మించి రావు. తీగ యెంత వెడల్పైనను సరియే. అందువలన 1992లో నొక ఉపాయమును నియమముగా ప్రకటించిరి. సంభాషణ ఆరంభమున, చెప్పబోవు సంఖ్యను ఇంతతో హెచ్చించుకొనవలయునని ఒప్పుకొందురు. చీటీలో 10 అని యున్నను అవి పది కుంచములు కావు, పది పుట్లని ముందే అనుకొనుట వంటిదిది. విస్టా దీనిని తానుగా వాడసాగెను. నడుమనున్న కొన్ని పాత రూటర్లు ఆ ఒప్పందపు మాటను చెరిపివేసెను. పుట్లను కుంచములుగా తలచి అవతలివాడు చిటికెడు చిటికెడుగా పంపెను. పుట తెరచుకొనుట నత్తనడక యయ్యెను. లినక్సు వాడువారికి ఇదే కష్టము 2004లోనే వచ్చినది.

మరి కారణము కనుగొనుట యెట్లు? చిరునామా 169.254 అని మొదలైనచో, రూటరునుండి జవాబు రాక కంప్యూటరే తనకు తాను సంఖ్య వేసికొన్నదని గ్రహింపుడు. చిరునామా సరిగా నుండి రాకడ మాత్రము మందగించినచో రెండవ తగవును అనుమానింపుడు. ఏదైనను, అదే రూటరుతో వేరొక కంప్యూటరును, వేరొక రూటరుతో అదే కంప్యూటరును పరీక్షింపక డబ్బు వ్యయింపరాదు. మైక్రోసాఫ్టువారు విస్టాలో ఆ గుర్తును మార్చు విధానమును ప్రకటించిరి. మా ఉపాధ్యాయుడు రూటరులోని ఫర్మ్‌వేరును, అనగా దానిని నడపు అంతర్గత ప్రోగ్రామును, క్రొత్తదానితో మార్చెను. ఆ సాయంకాలమే చిరునామా వచ్చెను. కొన్న కార్డు వెల మాత్రము తిరిగి రాలేదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినందున పలువురు విండోస్ 11కు మారుచున్నారు. దాని 2024 సంచికలో, ప్రొఫెషనల్ వంటి తరగతులందు, ఫైళ్లు పంచుకొను సంభాషణకు డిజిటల్ సంతకము తప్పనిసరి యైనది. సంతకము చేయనేరని పాత నిల్వ పెట్టెలును, రూటరుకు తగిలించిన డిస్కులును తెరువబడకపోవచ్చును. అట్టివి యింట నున్నవారు, మారుటకు ముందే వాటి నమూనా సంఖ్యను వ్రాసికొని, తయారుచేసినవారు క్రొత్త ఫర్మ్‌వేరు నిచ్చిరో లేదో చూచుకొనవలయును.