లాప్‌టాప్ కొత్త డిస్కుతో ఎలా లేస్తుంది?

లాప్‌టాప్‌లోని పాత హార్డ్ డిస్కు తీసి సాలిడ్ స్టేట్ డ్రైవు పెడుతున్నారనుకోండి. పాతదాంట్లో మీకు కనబడే ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేస్తే చాలదా? చాలదు. లాప్‌టాప్ లేవదు! ఎందుకని?

స్విచ్ నొక్కగానే మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న యు.ఇ.ఎఫ్.ఐ. అనే ప్రోగ్రాము మేలుకుంటుంది. అది విండోస్ కోసం డిస్కంతా వెతకదు. డిస్కులో విడిగా ఉంచిన ఒక చిన్న భాగంలోకి వెళ్ళి, అక్కడి బూట్ లోడర్‌ను పిలుస్తుంది. విండోస్‌ను లేపేది ఆ బూట్ లోడరే. ఆ భాగం మామూలుగా మన కంటబడదు, అందుచేత కాపీలో రాదన్నమాట. క్లోనింగ్ ప్రోగ్రాము అయితే డిస్కును భాగాలతో సహా ఉన్నదున్నట్టు దించుతుంది.

ఇక్కడే జాగ్రత్త! ఏది పాతది, ఏది కొత్తదో రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫోటోలన్నిటినీ చెరిపేస్తుంది. కొత్త డ్రైవుతో విండోస్ లేచేదాకా పాతదాన్ని ముట్టుకోవద్దు.

ఆటలకు ఇంత తతంగం లేదు. స్టీమ్‌లో కొన్నవాటిని స్టీమ్ తానే మరో డ్రైవుకు మారుస్తుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్క చుట్టుకు సెకనులో 90వ వంతు పడుతుంది. కావలసిన ముక్క తిరిగి వచ్చేదాకా ఆగాలి గదా! కొత్తదాంట్లో తిరిగేదేమీ లేదు కనుక ఆట త్వరగా మొదలవుతుంది. బొమ్మల కదలిక వేగం మాత్రం పెద్దగా మారదు, అది గ్రాఫిక్స్ చిప్ పని.