పాత బండి కొనే ముందు

అనంతపురం సీమలో వాన తక్కువ. ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్లు. ఎర్ర నేలల్లో శెనక్కాయ పండిస్తారు. కాయలు మనకు. కట్టె పశువులకు. ఎండాకాలంలో పశువులను బతికించేది ఆ కట్టె వామే.

శెనక్కాయ పెరికిన తర్వాత కట్టె త్వరగా ఇల్లు చేరాలి. వానకు తడిస్తే బూజు పడుతుంది. బూజు మేత తింటే పశువులకు జబ్బు చేస్తుంది.

ఒక ఊరిలో అత్తా కోడళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఒక జత ఎద్దులున్నాయి. బండి లేదు. నిరుడు ట్రాక్టరు బాడుగకు దొరకలేదు. కట్టె చేనులోనే తడిసిపోయింది. మేత లేక ఆవును అమ్ముకున్నారు.

ఈ ఏడు పక్క ఊరిలో పాత టైర్ల బండి అమ్మకానికి వచ్చింది. ఇద్దరూ ఎద్దులను తోలుకొని వెళ్ళారు. బండికి కొత్త రంగు వేసి ఉంది. కోడలు మురిసిపోయింది.

"రంగు కాదమ్మీ, కిందికి వంగి చూడు" అంది అత్త.

అత్త మొదట ఇరుసు చూసింది. ఇరుసు వంగితే టైర్లు ఒక పక్కే అరుగుతాయి. ఎద్దులకు లాగడం కష్టం. ఈ ఇరుసు వంగలేదు.

తర్వాత ఒక గానును పైకి లేపించి తిప్పింది. గరగరమని చప్పుడు వచ్చింది. పట్టుకొని ఊపింది.

"గాను ఊగుతాంది. బేరింగులు పోయినాయి" అంది.

టైర్ల పక్కల్లో పగుళ్ళు లేవు. పలకల అడుగున మేకుతో గుచ్చింది. చెదలు తిన్న కొయ్యలో మేకు సులభంగా దిగుతుంది. ఇక్కడ దిగలేదు. కాడిని చేత్తో తడిమింది. కాడికి పెచ్చులు లేస్తే ఎద్దుల మెడ పుండు పడుతుంది. కాడి నున్నగా ఉంది.

చివరికి ఎద్దులను కట్టి, నలుగురిని ఎక్కించి కొంత దూరం తోలించింది. బండి ఒక పక్కకు లాగలేదు.

"బండి మంచిదే. బేరింగుల ఖర్చు తగ్గించు నాయనా" అంది అత్త.

బండి ఆయన 18,000 రూపాయలు చెప్పాడు. బేరం 15,000 రూపాయలకు కుదిరింది. అడ్వాన్సు 5,000 రూపాయలు ఇచ్చారు. ఆయన కాగితం రాసి "వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు. అత్త చెయ్యి చాపింది.

"ఉండు అత్తా" అంది కోడలు.

ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివింది. "ముట్టినది 3,000 రూపాయలు" అని ఉంది.

"అన్నా, మేము ఇచ్చింది అయిదు వేలు. ఇక్కడ మూడు వేలని రాసినావే!"

"పొరపాటు పడింది తల్లీ" అని ఆయన వేరే కాగితం రాశాడు. కోడలు దాన్నీ పూర్తిగా చదివింది. అప్పుడు సంతకం చేసింది.

దారిలో అత్త అంది: "బండి చూసేది నేను నేర్పుతా. కాగితం చూసేది నువ్వు నాకు నేర్పమ్మీ."

గుర్తుంచుకోండి

కాగితంలో ఇవి ఉండాలి:
1. అమ్మినవారి, కొన్నవారి పేర్లు, ఊర్లు
2. మొత్తం ధర
3. ఇచ్చిన డబ్బు, మిగిలిన డబ్బు, గడువు
4. తేదీ, ఇద్దరి సంతకాలు, సాక్షి సంతకం

ట్రాక్టరు ట్రాలీ కొంటే ఆర్.సి. కూడా చూడండి. ట్రాలీ మీది నంబరు, ఆర్.సి.లోని నంబరు ఒకటే ఉండాలి.

జవాబులు రాయండి

1. కట్టె తడిస్తే ఏమవుతుంది?
2. గాను ఊగితే ఏమి పాడైనట్టు?
3. అత్తా కోడళ్ళు ఇంకా ఎంత డబ్బు ఇవ్వాలి?
4. కోడలు కాగితం చదవకపోతే ఎంత నష్టపోయేవారు?