కాయకశుద్ధి – ఆత్మపరిశీలన



కాయకము శుద్ధముగా నుండవలెనని మనమెల్లరము చెప్పుచుందుము. శుద్ధి యనగా అన్యాయార్జితము చేరకుండుట మాత్రమే కాదు. తనకేది వచ్చునో, ఏది రాదో దాచక యొప్పుకొనుటయు కాయకశుద్ధిలో భాగమే.

పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమునందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణదంపతులుండిరి. రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చి దాసోహము సల్పుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అనుభవగోష్ఠిలో మునిగి పనివేళ మరచెను. కాయకము నిలిచిపోయినదని లక్కమ్మ హెచ్చరించెను. మరియొకనాడు అవసరమునకు మించి బియ్యము తేగా, ఎక్కువైనది తెచ్చినచోటనే పోసి రమ్మనెను. రెండుమారులును మారయ్య ఆమె మాట మన్నించెను.

ఇందొక సూక్ష్మమున్నది. మారయ్య గోష్ఠిలో సమర్థుడు; ఆ సామర్థ్యమే అతనికి మరపు తెచ్చెను. మన లోపము తరచుగా మన గుణము చాటుననే దాగియుండును. దానిని మనకంటె ముందు ఇంటివారు గుర్తింతురు. వారి మాట వినుట అవమానము కాదు.

ఇక రెండవ వైపు చూతము. బసవేశ్వరుడు శరణులందరిలో తానే చిన్నవాడనని వచనములలో చెప్పుకొనెను. అట్లని బిజ్జలుని భండారిగా నుండుట తనచేత కాదనలేదు. ధనమునకు లెక్క యడిగిననాడు వెరవక చూపెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ వృత్తాంతమును తెలుగువారికందించెను. చేతనైనదానిని చేతకాదనుట వినయము కాదు. అదియు నొక యసత్యమే.

నేడు మన యువకులు కొందరు ఉద్యోగమునకు పోవునప్పుడు రాని పనిని వచ్చునని చెప్పుట తెలివి యనుకొందురు. పద్దులు వ్రాయ నేర్వనివాడు మఠపు దాసోహమునకు లెక్కలు వ్రాయ పూనుకొనెననుకొందము. సంవత్సరాంతమున లోటెక్కడిదో తేలదు. దొంగిలింపకయే దొంగ యను మాట పడును. మొదటినాడే "ఇది నాకు రాదు, నేర్పుడు" అనియుండినచో ఒక్కదినపు సిగ్గుతో పోయెడిది.

కావున ప్రతిదినము లింగపూజానంతరము తమ్ము తామిట్లడుగుకొనవలెను: నేడు నాకు చేతనై చేసిన పని యేది? చేతకాక దాచినదేది? రేపు ఎవరి నడిగి నేర్చుకొందును? ఇష్టలింగము అరచేత నుండగా అబద్ధపు జవాబు నోట రాదు.