గిరాకీ ముందు, జీఎస్టీ నంబరు తర్వాత

కేసముద్రం మార్కెట్ యార్డులో క్వింటాళ్ల లెక్కన పోయే పసుపును పొడి కొట్టించి, ప్యాకెట్లు కట్టి ఆన్‌లైన్‌లో అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న ఇక్కడి యువతకు రావడం సహజం. ఆ మాట బయటికి అనగానే వినిపించే మొదటి జవాబు, 'జీఎస్టీ లేనిదే ఆన్‌లైన్‌లో అమ్మనియ్యరు' అని. దాంతో కొందరు అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు ఒక్క ఆర్డరూ రాకముందే కన్సల్టెంటుకు డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ తీసుకుంటారు. రెండూ తొందరపాటే. చిన్నగా మొదలుపెట్టేవారు ముందు రాష్ట్రం లోపల అమ్మి గిరాకీ చూసుకోవాలి, పూర్తి రిజిస్ట్రేషన్ ఆ తర్వాత తీసుకోవాలి. చట్టం ఇప్పుడు అందుకు వీలిస్తోంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ద్వారా సరుకు అమ్మేవారికి, టర్నోవరు ఎంత తక్కువైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. ఊళ్లో దుకాణదారుకు ఉన్న మినహాయింపు వీరికి దక్కలేదు. ఈ తేడాను 2023 అక్టోబరు 1 నుంచి తొలగించారు. ఇప్పుడు టర్నోవరు పరిమితి లోపు ఉండి, ఒకే రాష్ట్రంలో ఉంటూ, ఆ రాష్ట్రం లోపలే సరుకు అమ్మేవారు జీఎస్టీ పోర్టల్‌లో పాన్, చిరునామా నమోదు చేసి ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. అది చేతికొచ్చాకే అమ్మకం మొదలుపెట్టాలి. ఇక్కడ మనవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. యూట్యూబ్ వీడియోల్లో చెప్పే 40 లక్షల పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో వర్తిస్తుంది గానీ తెలంగాణలో వర్తించదు. సరుకులకైనా సేవలకైనా మన దగ్గర పరిమితి 20 లక్షలే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. పసుపు పొడి మీద జీఎస్టీ 5 శాతం. ప్యాకెట్ ధర 210 రూపాయలు అనుకుంటే, రిజిస్ట్రేషన్ ఉన్నవారికి అందులో 10 రూపాయలు పన్ను. ప్లాట్‌ఫామ్ తీసుకునే ఫీజు 30 రూపాయలు అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 5.40. రిజిస్ట్రేషన్ ఉంటే ఈ 5.40ని తన పన్నులో మినహాయించుకుని మిగతా 4.60 కట్టాలి, చేతికి 170 వస్తుంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్మినవారికి ఆ మినహాయింపు రాదు, అయినా కట్టాల్సిన పన్ను లేదు కాబట్టి 174.60 మిగులుతుంది. రైతు దగ్గర పన్ను బిల్లు లేకుండా కొన్న కొమ్ములకు మినహాయించుకునేదే ఉండదు గనక ఈ తేడా నిలుస్తుంది. కానీ బిల్లుతో సరుకు కొని తక్కువ లాభానికి అమ్మేవారికి ఇది తగ్గుతుంది. పన్ను బిల్లు అడిగే హోటళ్లు, దుకాణాలే కొనుగోలుదారులైతే జీఎస్టీ నంబరు లేకపోవడమే నష్టం.

తెలంగాణకే పరిమితమైతే వ్యాపారం ఏం పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. హైదరాబాద్‌తో కలిపి 2011 లెక్కల్లోనే మూడున్నర కోట్ల జనాభా ఉన్న రాష్ట్రం, సరుకు నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి చిన్న బజారేమీ కాదు. మరో ఇబ్బంది, అన్ని ప్లాట్‌ఫామ్‌లూ ఎన్‌రోల్‌మెంట్ నంబరును ఒప్పుకోవు. మీషో ఒప్పుకుంటుంది, మిగతావి ముందే అడిగి తెలుసుకోవాలి. విజయవాడకో బెంగళూరుకో ఒక్క ప్యాకెట్ అమ్మాలన్నా, అది వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరైనా సరే, పూర్తి రిజిస్ట్రేషన్ కావాల్సిందే. ఒక శాతం పన్నుతో సరిపెట్టే కాంపొజిషన్ పథకంలో చేరినా రాష్ట్రం దాటి అమ్మకూడదు. డిజైనింగ్, ట్యూషన్ లాంటి సేవలు ఇచ్చేవారికి మాత్రం, 20 లక్షల లోపైతే, రాష్ట్రం దాటినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఎప్పటికైనా తీసుకోవాల్సిందే కదా, ఇప్పుడే ఎందుకు తీసుకోకూడదని అడగవచ్చు. పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేని మాట నిజమే, భారం ఆ తర్వాత మొదలవుతుంది. అమ్మకం సున్నా అయినా రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే జీఎస్‌టీఆర్-3బీకి రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉంటే 50 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. ప్లాట్‌ఫామ్ 0.5 శాతం పన్ను (టీసీఎస్) పట్టుకుంటుంది, దాన్ని క్లెయిమ్ చేసుకునేదాకా ఆ సొమ్ము చేతికి రాదు. ఇక ఈ తిప్పలన్నీ తప్పించుకోవడానికి తెలిసినవాళ్ల జీఎస్టీ నంబరు మీద అమ్మడం, కమీషన్ ఆశతో తన పాన్, ఆధార్ ఇంకొకరికి ఇవ్వడం అసలు చేయకూడని పనులు. పన్ను ఎగ్గొట్టినవాడు మాయమైనా నోటీసు పాన్ ఉన్నవారికే వస్తుంది.

కాబట్టి మొదటి ఆర్డరు నుంచే నోటుబుక్కులో రెండు లెక్కలు రాయండి: రాష్ట్రం బయటి నుంచి వచ్చి వదులుకున్న ఆర్డర్లు, పన్ను బిల్లు లేదని పోయిన గిరాకీ. వాటిలో పోతున్న లాభం, రిజిస్ట్రేషన్ వల్ల పెరిగే పన్నునూ రిటర్న్‌ల ఖర్చునూ దాటిన నెలలో దరఖాస్తు చేయండి. టర్నోవరు 20 లక్షలకు చేరువైతే ఆ లెక్కతో పనిలేదు, వెంటనే చేయాలి. ఇల్లు నాన్న పేరున ఉంటే ఆయన సమ్మతి పత్రం, గుర్తింపు కార్డు కాపీ, కరెంటు బిల్లు దగ్గర పెట్టుకోండి. పసుపు పొడి ఆహార పదార్థం గనక ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు వేరేగా కావాలి. ఈ రిజిస్ట్రేషన్, రిటర్న్‌ల పని నేర్చుకుంటే ఇంకో దారి కూడా తెరుచుకుంటుంది. బీకాం, బీబీఏ, లా పట్టా ఉన్నవారు పీసీటీ-01 దరఖాస్తుతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావచ్చు, పరీక్ష నిబంధనలు మాత్రం ముందే చూసుకోవాలి. సొంత సరుకుకు రిటర్న్‌లు వేసుకుని చెయ్యి తిరిగినవారికి, ఊళ్లో మిగతా అమ్మకందార్లకు అదే పని చేసిపెట్టి సంపాదించడం కష్టం కాదు.