చెరువుకు కాస్త ఎడంగా
(ప్రశ్నలు - జవాబులు)

ఉద్యోగ విరమణ తర్వాత నీటి ఒడ్డున చిన్న ఇల్లు, ముందు వసారా, వసారాలో రెండు కుర్చీలు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఈ కలే రకరకాలుగా కనిపించింది. మంచి కల. అయితే స్థలం ఎక్కడుంది, నేల ఎలాంటిది, అరవై దాటిన మోకాళ్లు ఎన్ని మెట్లు ఎక్కగలవు అన్న లెక్కలు తేలాకే ముగ్గు పోయాలి. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో పెద్ద చెరువు పక్కనే 300 గజాల ప్లాటు బేరానికి వచ్చింది. పట్టా ఉంది, రిజిస్ట్రేషన్ కూడా అవుతుందంటున్నారు. నీళ్లు ప్లాటుకు వంద అడుగుల దూరంలో ఉన్నాయి. కొనవచ్చా?
*– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం*

జవాబు: మాస్టారు ఆ నీళ్లను ఏ నెలలో చూసి వచ్చారన్నది ముందు తేలాలి. ఇవాళ నీళ్లు ఎక్కడ ఆగాయన్నది చెరువుకు హద్దు కాదు. మత్తడి దూకేదాకా చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అదీ హద్దు. దాన్నే పూర్తి నీటిమట్టం, ఎఫ్‌టీఎల్ అంటున్నారు. తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల ఏ కట్టడానికీ అనుమతి లేదు. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకు మించి ఉంటే ఎఫ్‌టీఎల్ గీత నుంచి మరో 30 మీటర్లు ఖాళీ వదలాలి. చిన్న చెరువైతే 9 మీటర్లు చాలు. దీన్నే బఫర్ జోన్ అంటారు. అమ్మేవాళ్లు చెప్పిన వంద అడుగులు కూడా 30 మీటర్లే. వినగానే లెక్క సరిపోయిందనిపిస్తుంది. కానీ వాళ్లు కొలిచింది ఇవాళ్టి నీటి అంచు నుంచి, నిబంధన కొలవమన్నది నిండు చెరువు అంచు నుంచి. లోతు తక్కువ చెరువుల్లో నీటిమట్టం రెండు మూడు అడుగులు పెరిగినా నీళ్లు చాలా దూరం ముందుకొస్తాయి.

ఇక పట్టా సంగతి. చెరువు నీళ్లు పరుచుకునే శిఖం భూముల్లోనూ పట్టాలున్నాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పంట వేసుకోవడం వరకే ఆ హక్కు, ఇల్లు కట్టుకోవడానికి పనికిరాదు. రిజిస్ట్రేషన్ కాగితం కొన్నట్టు రుజువు చేస్తుంది, కట్టుకోవచ్చని చెప్పదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన వానకు చెరువులు తెగి కాలనీలకు కాలనీలే మునిగాయి. 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక చెరువు హద్దుల్లోని కట్టడాలు కూలడం అందరూ టీవీల్లో చూశారు. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఒకటే ఉన్నవాళ్లు ఈ రెండు ప్రమాదాల్లో దేనికీ ఎదురు వెళ్లకూడదు.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) తన పరిధిలోని చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలను వెబ్‌సైట్‌లో పెట్టింది. సర్వే నంబరు పట్టుకుని వాటిలో వెతకాలి. తర్వాత రెవెన్యూ, నీటిపారుదల శాఖల నుంచి రాతపూర్వకంగా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఆ ఊళ్లో గొర్రెలు కాసే పెద్దమనిషిని, "పెద్దవాన పడిన ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడిగితే ఆయన చెట్టు పేరుతో సహా చెబుతాడు. ఇవన్నీ కాకుండా బయానా ఇవ్వవద్దు.

ప్రశ్న: మాకు చెరువు కట్ట దిగువన అరెకరం మాగాణి ఉంది. కట్టెక్కితే నీళ్లు, దిగితే ఇల్లు. బాగుంటుంది కదా?
*– బ్యాంకు ఉద్యోగి, కడప*

జవాబు: చూడటానికి బాగుంటుంది, ఉండటానికి కష్టం. కట్ట దిగువన ఉన్నది ఆయకట్టు. తూము నీళ్లు పారే నేల, ఏడాదిలో సగం రోజులు తడి ఆరదు. ఈ సంగతి కడప జిల్లావాసులకు ఆరున్నర శతాబ్దాలుగా తెలుసు. పోరుమామిళ్ల చెరువు కట్టించిన విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసగా చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ ఆరింటిలో ఒకటి. పాత కట్టలు చాలావరకు మట్టివి. కొద్దో గొప్పో ఊట తప్పదు. ఆ ఊట వరికి మేలు, ఇటుక గోడకు చేటు. కట్ట తెగితే మొదట మునిగేదీ అక్కడే. ఆ అరెకరాన్ని సాగుకే ఉంచి, ఇంటికి ఊరి వైపు మెరక నేల చూసుకోవడం మేలు.

ప్రశ్న: అమ్మానాన్నల కోసం చెరువు ఒడ్డున ఇల్లు కట్టించాలని ఉంది. నాలుగు పడకగదులు, నీళ్ల వైపు గోడంతా అద్దమే ఉండేలా డిజైన్ గీయించాను. ఇంకేం చూసుకోవాలి?
*– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్*

జవాబు: పరాయి దేశంలో స్థిరపడి, అమ్మానాన్నలకు నీటి ఒడ్డున ఇల్లు కట్టించిన కొడుకు ఈయనకన్నా ముందే ఒకాయన ఉన్నాడు. పేరు ల కార్బూజియే. చండీగఢ్ నగరానికి రూపం ఇచ్చిన వాస్తుశిల్పి. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున కోర్సో అనే ఊళ్లో 1923-24లో ఆయన ఆ ఇల్లు కట్టించాడు. ప్లాను ముందే గీసుకుని, దానికి సరిపోయే స్థలం కోసం తర్వాత వెతికాడు. మొత్తం విస్తీర్ణం సుమారు 60 చదరపు మీటర్లు, మన లెక్కలో 650 చదరపు అడుగులు. ఒకటే అంతస్తు. తండ్రి 1926లోనే కాలం చేశాడు. తల్లి 1960 వరకు, నిండా ముసలితనం వచ్చేదాకా, అక్కడే ఉంది. 2016లో యునెస్కో ఆ ఇంటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

డాలస్ ఇంజనీరు గారు దగ్గరగా చూడాల్సింది ఆ ఇంటి గోడల్ని. నీళ్ల వైపు సుమారు 11 మీటర్ల పొడవున ఒకే కిటికీ ఉంది. గోడ మొత్తం అద్దం కాదు, అడ్డంగా సాగిన పట్టీ లాంటి కిటికీ. తోటలోకి వెళితే ఇంకో విచిత్రం కనిపిస్తుంది. సరస్సు కనబడకుండా అక్కడ గోడ కట్టాడు, అందులో ఒక్క చోట చతురస్రంగా ఖాళీ వదిలాడు, దాని దగ్గర బల్ల వేశాడు. ఎటు తిరిగినా నీళ్లే కనబడితే కొన్నాళ్లకు కళ్లు వాటిని పట్టించుకోవడం మానేస్తాయని ఆయన నమ్మకం. ఆ మాట మన ఎండకు మరీ సరిపోతుంది. నీటి మీద పడి లేచే వెలుగు, అద్దపు గోడ, మే నెల కలిస్తే పగలంతా తెరలు దించుకుని కూర్చోవాల్సిందే. ఆ ఇంటి నుంచి నేర్చుకోవాల్సిన రెండో సంగతి కూడా ఉంది. నీటికి మరీ దగ్గరగా కట్టడంతో సరస్సు మట్టం పెరిగి తగ్గే ఒత్తిడికి ఇల్లు పగిలింది. తర్వాత గోడలకు బయట లోహపు రేకులు తొడగాల్సి వచ్చింది. అంతటి శిల్పికే తప్పలేదు.

మన వాతావరణానికి దగ్గరి ఉదాహరణ శ్రీలంకలో ఉంది. అక్కడి వాస్తుశిల్పి జెఫ్రీ బావా 1948లో బెంతోట దగ్గర దెద్దువ సరస్సు పక్కన పాడుబడిన రబ్బరు తోట కొని, 2003లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దుతూనే ఉన్నాడు. అదే లునుగంగ. ఇల్లు మెరక మీద, సరస్సు పల్లంలో. మధ్యలో పచ్చిక, చెట్లు, నీడ. మన దగ్గర బఫర్ జోన్ కింద వదలాల్సిన నేలను నష్టం అనుకునేవారు లునుగంగ చిత్రాలు ఒకసారి చూడాలి. వదిలిన నేలే అక్కడ ఇంటికి అందం.

కాబట్టి నాలుగు పడకగదుల ప్లాను పక్కన పెట్టడం మంచిది. ఇద్దరు పెద్దవాళ్లు ఊడ్చుకోగలిగినంత ఇల్లు చాలు. రెండు గదులు, మూడోది పిల్లలు వచ్చినప్పటికి. మిగిలిన డబ్బుతో ఎనిమిది పది అడుగుల లోతున వసారా వేసి, చూరు బాగా కిందికి దించి మంగళూరు పెంకులు పరిస్తే ఎండ, వాన జల్లు రెండూ లోపలికి రావు. కింద తాండూరు బండలు పరవాలి, నున్నగా పాలిష్ పట్టించకూడదు. గోడలకు వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ పద్ధతి బాగుంటుంది. ఇటుకల్ని పక్కకు నిలబెట్టి, మధ్యలో బోలు వదిలి కడతారు. దాదాపు పాతిక శాతం ఇటుక మిగులుతుంది, ఆ బోలులోని గాలి వేడిని ఆపుతుంది.

ప్రశ్న: నీళ్ల పక్కన కనుక బేస్‌మెంట్ మూడడుగులైనా లేపాలంటున్నాడు మేస్త్రి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నేల నల్లరేగడి.
*– రిటైర్డ్ తహసీల్దారు, హనుమకొండ*

జవాబు: మేస్త్రి మాట నిజమే, ఆవిడ నొప్పీ నిజమే. రెండింటినీ కలిపేది ర్యాంపు. చక్రాల కుర్చీ సాఫీగా ఎక్కాలంటే వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు. వినగానే అమ్మో అనిపిస్తుంది కానీ, ఇంటి పక్కగా మలుపు తిప్పి, అంచున మల్లె, నందివర్ధనం వేస్తే ఆవిడ రోజూ సాయంత్రం నడిచే దారి అదే అవుతుంది. పట్టుకోవడానికి రెండు పక్కలా కమ్మీ ఉండాలి. తలుపులన్నీ మూడడుగుల వెడల్పు పెట్టించాలి. స్నానాలగది తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల ఎవరైనా పడిపోతే లోనికి తెరుచుకునే తలుపు వాళ్లకే అడ్డం పడుతుంది.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఏటా నిండి ఎండే చెరువు పక్కన ఈ రెండూ తప్పవు. మామూలు పునాది వేస్తే రెండో ఏడుకే గోడలు నెర్రెలిస్తాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని అభివృద్ధి చేసింది. మట్టి పరీక్ష చేయించి ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. ఖర్చు తగ్గించుకోవాల్సిన చోటు ఇది కాదు.

ప్రశ్న: దోమలు?
*– గృహిణి, నెల్లూరు*

జవాబు: అలలు కదులుతూ చేపలు తిరిగే నీటిలో దోమ పిల్లలు బతకడం కష్టం. అవి పెరిగేది గడ్డి కమ్మిన అంచుల్లో, నిలవ నీటిలో. డెంగీ దోమ అయితే చెరువు జోలికే పోదు, ఇంటి చుట్టూ పడేసిన కొబ్బరి చిప్పలో, కుండీ కింది పళ్లెంలో గుడ్లు పెడుతుంది. స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు చెరువంతా గుర్రపు డెక్క పరుచుకుని కనిపిస్తే ఎక్కడినుంచో మురుగు కలుస్తోందని అనుమానించాలి. అలాంటి చోటు వదిలేయాలి.

కొత్తగా కట్టేవారి ఇల్లే ఆ మురుగుకు కారణం కాకూడదు కూడా. సెప్టిక్ ట్యాంకు చెరువుకు ఎదురు వైపు, వీలైనంత దూరంగా ఉండాలి. వంటింటి, స్నానాల నీళ్లను కంకర పోసిన గుంటలో మెట్టతామర మొక్కల గుండా పంపితే తోటకు పనికొస్తాయి. ఒడ్డున తుంగను, జమ్మును పీకించి సిమెంటు వేయించే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి. జెముడుకాకి, నీటికోడి, కొంగ వచ్చేది ఆ గడ్డి కోసమే. ఇంటి వైపు కానుగ, నేరేడు, ఏరుమద్ది వేసుకుంటే మట్టి కోసుకుపోదు.

ప్రశ్న: పిల్లలు బయట ఉన్నారు. ఆయన పోయాక ఒక్కదాన్నే అయిపోయాను. చెరువు పక్క ఇల్లు మా ఇద్దరి కల. ఇప్పుడు కట్టుకోవడం తెలివైన పనేనా?
*– విశ్రాంత నర్సు, రాజమహేంద్రవరం*

జవాబు: కల వదులుకోనక్కర్లేదు. చోటు మాత్రం వేరేగా ఎంచుకోవాలి. ఊరికి దూరంగా నిశ్శబ్దంగా ఉన్న చెరువు కాకుండా, చాకిరేవు, గుడి, బడి ఉన్న ఊరి చెరువు చూడాలి. వీధి అరుగు మీద కూర్చుంటే పలకరించే మనిషి ఉండాలి. రాత్రి రెండింటికి గుండెలో నొప్పి వస్తే ఆటో ఎంతసేపట్లో వస్తుంది, ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరుస్తుంది అన్నది ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నర్సుగా ఆ నిమిషాల విలువ ఆవిడకే బాగా తెలుసు. ఇద్దరు ముగ్గురు పాత సహోద్యోగులు కలిసి పక్కపక్కనే స్థలాలు తీసుకుంటే ఇంకా మంచిది.

కొనేముందు అదే ఊళ్లో ఏడాది అద్దెకు ఉండి చూడాలి. మే నెలలో చాలా చెరువులు ఎండి, పగుళ్ల మధ్య పశువులు తిరుగుతాయి. సెప్టెంబరులో అదే చోట నిండు నీళ్లు, రోడ్డు మీదికి పాములు. డిసెంబరులో పొద్దున తొమ్మిదిదాకా మంచు. మూడు కాలాలూ చూశాక కూడా అక్కడే ఉండాలనిపిస్తే, అప్పుడు సర్వేయరును పిలిచి ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో రాళ్లు పాతించుకోవాలి.