ఆకుకూరలును మూత్రపిండములలోని రాళ్లును

నిజాంసాగరు కాలువ పారు పల్లెలలో ఆకుకూరలకు కొదువ లేదు. పాలకూర, తోటకూర, చుక్కకూర, బచ్చలికూర పెరటి మడులలో పెరుగును. గంగవాయిలికూర విత్తకయే గట్లపై మొలచును. అయినను గత వేసవికి ముందు మా విద్యార్థులలో కొందఱు తెచ్చుకొను భోజనపు గిన్నెలలో ఆకుకూర కనబడుట మానెను. కారణ మడుగగా, ఒక బాలుని తండ్రికి మూత్రపిండములో రాయి కనబడెననియు, ఆకుకూరలవలననే రాయి పుట్టునని ఎవరో చెప్పిరనియు, ఆ యింటివారును వారిని చూచి ఇరుగుపొరుగువారును ఆకుకూరలను విడిచిరనియు తెలిసెను. రాతిలో సున్నపు అంశ మున్నదని విని పిల్లలకు పాలు, పెరుగు కూడ మానిపించిరట. ఈ భయమునకు మూలమున కొంత సత్యము కలదు. దానినుండి తీసిన నిర్ణయము మాత్రము తప్పు. ఆ రెంటిని వేఱుపఱచి చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

బాలబాలికలారా, మీరు ఆటస్థలములో పులిచింతాకును నమలి దాని పులుపును ఎఱుగుదురు. ఆ పులుపునకు ముఖ్యకారణము ఆక్సాలిక్ ఆమ్లము. పులిచింత జాతికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన ఆక్సాలిస్ అను పేరునుండియే దీనికి ఆ పేరు వచ్చినది. 1776లో స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షీలే చక్కెరపై నత్రికామ్లమును ప్రయోగించి ఒక ఆమ్లమును పొందెను. ఆకులలోని ఆమ్లమును అదియు ఒక్కటేయని 1784లో అతడే చూపెను. ఈ ఆమ్లము ఖటికము, సోడియము మొదలగు లోహములతో కలసినపుడు ఏర్పడు లవణములకు ఆక్సలేటులని పేరు. ఖటికమనగా కాల్షియము, సున్నములో నున్న లోహము.

ఇవి మొక్కలకు వ్యర్థములు కావు. తనలో మించిన ఖటికమును మొక్క ఈ రూపమున దాచుకొనును. పశువులు, పురుగులు మేయకుండ దీనితో తన్ను కాపాడుకొనును. చామగడ్డ సరిగా ఉడకనిచో నాలుక దురదపెట్టుటకు కారణము, దానిలో సూదులవలె కట్టలుకట్టిన ఖటిక ఆక్సలేటు స్ఫటికములే. మన పెద్దలు దానిని మెత్తగ ఉడికించి చింతపులుసులో వండుట అనుభవముచేత నేర్చిన పద్ధతి. నూరు గ్రాముల పచ్చి పాలకూరలో ఆక్సలేటు ఇంచుమించు 600 మొదలు 1000 మిల్లీగ్రాములవరకు ఉండును. తోటకూర, బచ్చలి, గంగవాయిలి, చుక్కకూరలలోను ఇది విశేషముగ కలదు.

ఇక రాయి ఎట్లు పుట్టును? ఉపాధ్యాయుడు విజ్ఞానశాలలో తేటపడిన సున్నపునీటిలో కొంచెము ఆక్సాలిక్ ఆమ్లద్రావణమును పోసినపుడు, తేటనీరు క్షణములో తెల్లబడి అడుగున తెల్లని పొడి దిగును. అది నీటిలో దాదాపు కరగని ఖటిక ఆక్సలేటు. (ఈ శుద్ధమైన ఆమ్లము విషము, విద్యార్థులు తాకరాదు.) మూత్రపిండములలోని రాళ్లలో పలువిధములు కలవు గాని, వానిలో ఎక్కువభాగము ఈ ఖటిక ఆక్సలేటుతో ఏర్పడినవే.

ఇచ్చటనే ముఖ్యవిషయ మున్నది. ఖటికమును ఆక్సలేటును ఎక్కడ కలిసికొనునో దానిపై మంచిచెడ్డ లాధారపడియున్నవి. ఆకుకూరతో పాటు పెరుగు తినినయెడల అవి ప్రేగులలోనే కలిసికొని, కరగని పొడిగా మారి, మలముతో వెడలిపోవును. పాలు, పెరుగు మానినయెడల ప్రేగులలో ఆక్సలేటునకు జత దొరకదు. అది రక్తములో చేరి మూత్రపిండములకు పోవును. అచ్చట మూత్రములోని ఖటికముతో కలిసి రాయి కట్టవచ్చును. కావున రాయికి వెఱచి పెరుగు మానుట, దొంగకు వెఱచి వాకిటి కావలివానిని పంపివేయుటవంటిది.

ఇది ఊహ కాదు. నేడు హైదరాబాదులోనున్న జాతీయ పోషకాహార సంస్థకు 1918లో కూనూరులో పునాదివేసిన రాబర్టు మెకారిసన్, ఎలుకలకు ఏ విటమిను చాలని ఆహారము పెట్టినపుడు మూత్రాశయములో రాళ్లు పుట్టుటను, పాలు చేర్చినపుడు పుట్టకుండుటను కనుగొని 1931లో ప్రకటించెను. ఆ రాళ్లన్నియు ఆక్సలేటు రాళ్లు కాకున్నను, లోపముగల ఆహారముకూడ రాళ్లకు కారణమగునని అందువలన తేలినది. తరువాత ఇటలీలో రాళ్లు మరల మరల వచ్చుచున్న 120 మంది పురుషులను అయిదేండ్లు పరిశీలించి 2002లో ఫలితములను ప్రకటించిరి. ఖటికమును తగ్గించి తినినవారికంటె, ఖటికమును తగినంత తినుచు ఉప్పును మాంసమును తగ్గించినవారికి రాళ్లు ఇంచుమించు సగమే మరల వచ్చెను.

మఱియు మూత్రములోని ఆక్సలేటంతయు ఆహారమునుండి వచ్చునది కాదు. కొంత మన కాలేయమే తయారుచేయును. మితిమీరి మ్రింగిన సి విటమిను మాత్రలును ఆక్సలేటుగా మారును. పచ్చి ఆకుల రసమును ఆరోగ్యమని ప్రతిదినము విస్తారముగ త్రాగి మూత్రపిండములు చెడగొట్టుకొనినవారును కలరు. కూరగా మితముగ తినుట వేఱు, రసముగ గిన్నెలకొలది త్రాగుట వేఱు.

కావున మేము చెప్పునది ఇది. ఆరోగ్యవంతులైన పిల్లలకు ఆకుకూర మానిపింపకుడు. అందలి కెరోటీను శరీరములో ఏ విటమినుగా మారి రేచీకటినుండి కాపాడును. ఫోలికామ్లము రక్తవృద్ధికి అవసరము. అయితే పాలకూరలోని ఖటికములో నూటికి అయిదు పాళ్లు మాత్రమే ఒంటపట్టును గనుక, అది పాలకు బదులు కానేరదు, రెండును కావలెను. ఒకే కూరను దినదినము తినక మార్చి మార్చి వండవలెను.

రాయి వచ్చినవారు పాలకూర, గంగవాయిలి వంటివానిని తగ్గించి, తినునపుడు నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోయవలెను. కరగెడి ఆక్సలేటులో చాల భాగము దానితో పోవును. పెరుగును భోజనముతోనే తినవలెను. ఉప్పు, ఊరగాయ తగ్గింపవలెను. నిమ్మరసములోని సిట్రేటు స్ఫటికములు పెరుగకుండ అడ్డుపడును. మూత్రపిండములు బలహీనపడినవారు వైద్యుని అడిగియే ఆహారమును నిర్ణయించుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. వేసవియెండలో నాటుమడులలో, చెరకుతోటలలో పనిచేయువారి శరీరములోని నీరు చెమటగా పోవును, మూత్రము చిక్కబడును, చిక్కని మూత్రములో స్ఫటికము త్వరగా కట్టును. రాయి వచ్చినవారు దినమునకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రము వెడలునంత నీరు త్రాగవలెను. 1931లో పూర్తియైన ఆనకట్ట మంజీరను ఆపి మన పొలములను తడుపుచుండగా, ఆ పొలములో పనిచేయువాడు దాహముతో ఎండుట తగునా? తండ్రి పొలమునకు పోవునపుడు నీటికడవ నిండినదో లేదో చూచుట పిల్లల పనియని మేము తరగతిలో చెప్పితిమి.

రాజభోజనమును వలదని దానియేలును అతని స్నేహితులును పదిదినములు కోరుకొనినవి శాకధాన్యములును నీళ్లును. ఆ బాలుని గిన్నెలో ఈ సంవత్సరము మరల తోటకూరపప్పు కనబడుచున్నది. ప్రక్కన చిన్నగిన్నెలో పెరుగును ఉన్నది. అతని తండ్రి నీటికడవతో పొలమునకు పోవుచున్నాడు.