రెండు దారులు - ఒక తెర

పిల్లలూ! మాంట్రియల్ నగరంలో పార్క్ ఎక్స్‌టెన్షన్ వీధులలో నడిచేటప్పుడు ఎప్పుడైనా తల ఎత్తి చూచారా? అక్కడి అపార్టుమెంట్ల బాల్కనీలకు పళ్ళెం వంటి డిష్‌లు బిగించి ఉంటాయి. ఒక్క సంగతి గమనించండి. అవి దాదాపు అన్నీ ఒకే వైపుకు ముఖం తిప్పి ఉంటాయి. సూర్యుని వెంట తిరిగే లేత పొద్దుతిరుగుడు మొక్కలలాగా అవి తిరగవు. పగలూ రాత్రీ, ఎండలోనూ మంచులోనూ ఆకాశంలో ఒకే చోటును చూస్తూ ఉంటాయి. అక్కడ ఏమున్నది?

అక్కడ ఒక ఉపగ్రహం ఉన్నది. భూమధ్యరేఖకు సరిగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో పాటే ఒక రోజులో ఒక చుట్టు తిరుగుతుంది. కనుక మన కంటికి అది కదలకుండా నిలిచినట్లే ఉంటుంది. ఇటువంటి ఉపగ్రహాలు మూడు ఉంటే ప్రపంచమంతటికీ వార్తలు పంపవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ అనే రచయిత 1945లోనే వ్రాశాడు.

ఆ ఊహను ఒక దేశం తన ప్రజల కోసం నిజం చేసింది. అది మీరు ఉంటున్న కెనడాయే. 1972 నవంబరులో అనిక్ ఎ-1 అనే ఉపగ్రహాన్ని పైకి పంపారు. ఒక దేశం తన లోపలి అవసరాల కోసం ఇట్లా నిలిచి ఉండే సమాచార ఉపగ్రహాన్ని నడపటం ప్రపంచంలో అదే మొదటిసారి. ఇన్యూట్ ప్రజల భాషలో 'అనిక్' అంటే తమ్ముడు. ఆ తరువాత వచ్చిన టీవీ ఉపగ్రహాలకు 'నిమిక్' అని పేరు పెట్టారు. విడివిడిగా ఉన్నవాటిని కలిపి ఉంచేది అని ఆ మాటకు అర్థం. చూచారా, ఎంత అందమైన పేర్లో!

ఇప్పుడు దిక్కుల సంగతి చూద్దాం. ఉపగ్రహం భూమధ్యరేఖపై ఉన్నది. మాంట్రియల్ ఆ రేఖకు ఉత్తరాన ఉన్నది. హైదరాబాదు కూడా ఉత్తరానే ఉన్నది. కనుక రెండు ఊళ్ళలోనూ డిష్ దక్షిణం వైపే చూస్తుంది. కాని ఒక తేడా ఉన్నది. హైదరాబాదులో 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహాన్ని చూడాలంటే డిష్ దాదాపు 69 డిగ్రీలు పైకి చూడాలి. మాంట్రియల్‌లో 82 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీది ఉపగ్రహాన్ని చూడటానికి 37 డిగ్రీలు చాలు. ఇక్కడ చూపు బాగా వాలి ఉంటుంది. అందువలన ఎదురుగా పెద్ద చెట్టు గాని, ఎత్తైన మేడ గాని ఉంటే అడ్డు తగులుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మాంట్రియల్‌వాసులు రోజూ 'ఉత్తరం' అని చెప్పే దిక్కు నిజమైన ఉత్తరం కాదు, దాదాపు వాయవ్యం. వీధులను నదిని బట్టి వేయటం వలన ఈ అలవాటు వచ్చింది. కనుక "మా బాల్కనీ దక్షిణానికి ఉన్నది" అని ఎవరైనా అంటే అది చాలావరకు ఆగ్నేయానికి ఉంటుంది. డిష్‌కు ఊరి వాడుకతో పని లేదు. దానికి నిజమైన దక్షిణమే దక్షిణం. నిజమైన ఉత్తరానికి తిరిగి ఉన్న బాల్కనీలో డిష్ ఎంత మంచిదైనా పనిచేయదు.

ఊరంతటికీ ఒక పెట్టె

తెలుగువారికి ఉపగ్రహ టీవీ కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారతదేశంలో ఒక గొప్ప ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఎ.టి.ఎస్-6 అనే ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు ప్రసారమైన భాషలలో తెలుగు ఒకటి. ఆ గ్రామాలలో కోళ్ళగూటికి వాడే వలవంటి తీగతో, దాదాపు మూడు మీటర్ల వెడల్పు గల డిష్‌లు నిలబెట్టారు. పగలు బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం రైతులకు, స్త్రీలకు పనికివచ్చే విషయాలు వచ్చేవి. ఊరంతా ఒకే టీవీ ముందు కూర్చునేది.

ఈనాడు మీ బాల్కనీలోని డిష్ అర మీటరే ఉంటుంది. ఉపగ్రహాల శక్తి పెరిగింది. అవి పంపే తరంగాల పొడవు తగ్గింది. కనుక చిన్న పళ్ళెమే చాలుతున్నది. కాని పద్ధతి మాత్రం అదే. పైనుండి ఒకే కార్యక్రమం అందరికీ ఒకేసారి వాన కురిసినట్లు కురుస్తుంది. మీరు పళ్ళెం పట్టారా, దొరుకుతుంది. వేయిమంది పట్టినా, పది లక్షలమంది పట్టినా ఉపగ్రహానికి అదనపు భారం లేదు. అయితే వానను "నాకు ఇప్పుడు కాదు, రాత్రి కురువు" అని అడగలేము గదా!

నాయనమ్మకు కావలసినది

మీ ఇంట్లో నాయనమ్మ ఉన్నారనుకోండి. ఆమె హైదరాబాదు నుండి వచ్చారు. జనవరి నెల. బయట కాలు పెట్టలేనంత చలి. అమ్మా నాన్నా పనికి వెళతారు. మీరు బడికి వస్తారు. మీ ఇంటి డిష్ చందాలో ఫ్రెంచి, ఇంగ్లీషు ఛానళ్ళు మాత్రమే ఉన్నాయి. పగలంతా ఆమె చెవిన ఒక్క తెలుగు మాట పడదు. పలకరించే గొంతు లేని ఇంట్లో కూర్చోవటం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి.

పోనీ, తెలుగు ఛానలు వచ్చినా గడియారం కలవదు. హైదరాబాదులో సాయంత్రం ఏడు గంటలకు వచ్చే కార్యక్రమం మాంట్రియల్‌లో చలికాలం ఉదయం ఎనిమిదిన్నరకు, వేసవిలో తొమ్మిదిన్నరకు వస్తుంది. మీరు నాయనమ్మ పక్కన కూర్చుని చూడాలంటే ఆ వేళకు బడిలో ఉంటారు.

అందుకే చాలా ఇళ్ళలో డిష్ పెట్టెకు తోడుగా ఒక చిన్న ఇంటర్నెట్ పెట్టె తెస్తున్నారు. 1995లో ఉపగ్రహ ఛానళ్ళుగా మొదలైన జెమిని, ఈటీవీ వంటివాటి కార్యక్రమాలు గాని, 2020లో నేరుగా ఇంటర్నెట్ మీదనే మొదలైన ఆహా వంటి సేవలు గాని ఈ రెండవ దారిన ఇంటికి వస్తాయి.

ఈ దారిలో వాన కురవదు. ఇది బావిలో చేద వేసి తోడుకోవటం వంటిది. మీరు మీట నొక్కగానే మీ పెట్టె "ఈ కార్యక్రమం పంపండి" అని దూరాన ఉన్న ఒక కంప్యూటరును అడుగుతుంది. అది కార్యక్రమాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా పంపుతుంది. మీ పెట్టె నాలుగు ముక్కలు ముందుగా దాచుకుని, వరుసగా చూపుతుంది. దాచుకున్నవి అయిపోయి కొత్తవి రాకపోతే తెర మీద చక్రం తిరుగుతుంది.

ఇక్కడ ఒక వింత చూడండి. ఉపగ్రహం అంత దూరాన ఉన్నా, సంకేతం పైకి పోయి క్రిందికి రావటానికి పావు సెకను పడుతుంది. కార్యక్రమాన్ని సంకేతంగా మార్చటానికి మరికొన్ని సెకన్లు పడుతుంది. ఇంటర్నెట్ పెట్టె ముక్కలు దాచుకుంటుంది కనుక, అదే ఆట అందులో ఒక్కొక్కప్పుడు అర నిమిషం ఆలస్యంగా కనిపిస్తుంది. హాకీ ఆటలో గోలు పడినప్పుడు డిష్ ఉన్న పక్కింటివారు ముందు కేకలు వేస్తారు. మీరు ఆ తరువాత!

కలిపే విధం

పెద్దలను దగ్గర ఉంచుకుని ఈ పని చేయండి.

1. టీవీ వెనుక చూడండి. డిష్ నుండి వచ్చిన గుండ్రని తీగ డిష్ పెట్టెలోకి పోతుంది. దానిని కదపవద్దు. కొత్త పెట్టెకు ఆ తీగతో పని లేదు. దానిని ఊడదీసి కొత్త పెట్టెకు తగిలించాలని చూడటం చాలామంది చేసే పొరపాటు.

2. డిష్ పెట్టె నుండి టీవీకి ఒక చదునైన మూతి గల తీగ ఉంటుంది. దానిని హెచ్.డి.ఎం.ఐ. తీగ అంటారు. టీవీకి అటువంటి రంధ్రాలు రెండు మూడు ఉంటాయి. ప్రతిదాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఖాళీగా ఉన్నదానిలో కొత్త పెట్టెను కలపండి. ఆ అంకెను కాగితం మీద వ్రాసుకోండి.

3. కొత్త పెట్టెకు దానితో ఇచ్చిన కరెంటు తీగనే వాడండి.

4. టీవీ రిమోటులో 'ఇన్‌పుట్' లేక 'సోర్స్' అనే మీట నొక్కి, మీరు వ్రాసుకున్న అంకెను ఎంచుకోండి. తెర మీద కొత్త పెట్టె పలకరిస్తుంది.

5. ఇంటి వైఫై పేరు, సంకేతపదం ఇవ్వండి. సంకేతపదం పెద్దలనే అడగండి. గోడల వలన వైఫై అందకపోతే తీగ ద్వారా కలపవచ్చు.

పని అయిపోయిందనుకుంటున్నారా? కాలేదు. అసలు పని ఇప్పుడే ఉన్నది.

మీరు బడికి వెళ్ళిన తరువాత నాయనమ్మ ఏదో మీట నొక్కుతారు. తెర నల్లబడుతుంది. ఇప్పుడు ఆమె ముందు మూడు రిమోట్లు ఉన్నాయి. ఏది దేనిదో తెలియదు. మిమ్మల్ని పిలవటానికి మీరు ఇంట్లో లేరు. నిన్నటిదాకా ఫ్రెంచి బొమ్మలైనా కనిపించేవి. ఈరోజు అవి కూడా లేవు. మీరు తెచ్చిన సౌకర్యమే ఆమెకు సంకటమైంది!

కనుక ఆదివారం నాడు ఒక గంట ఆమె పక్కన కూర్చోండి. డిష్ రిమోటుకు నీలం దారం, కొత్త పెట్టె రిమోటుకు ఎర్ర దారం కట్టండి. టీవీ రిమోటులోని ఇన్‌పుట్ మీట మీద చిన్న కాగితం చుక్క అంటించండి. పెద్ద తెలుగు అక్షరాలతో "చుక్క నొక్కితే దారి మారుతుంది" అని అట్టపై వ్రాసి టీవీ పక్కన పెట్టండి. మీరు నొక్కి చూపటం కాదు. ఆమె చేతనే మూడుసార్లు నొక్కించండి. ఆమె మీకు అక్షరాలు దిద్దించినప్పుడు మీ వ్రేళ్ళు పట్టుకుని ఓపికగా దిద్దించారు గదా! ఇప్పుడు మీ వంతు.

ఏ దారి మూసుకుపోయింది?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సామెత. కొత్త పెట్టె రాగానే "డిష్ ఎందుకు, తీసివేద్దాం" అని కొందరు తొందరపడతారు. తీసివేయాలా ఉంచాలా అన్నది ఖర్చును చూచి పెద్దలు నిర్ణయిస్తారు. మీరు మాత్రం రెండు దారుల గుణాలూ తెలుసుకోండి.

తడిమంచు డిష్ మీద పేరుకుంటే డిష్ దారి మూసుకుంటుంది. అప్పుడు ఇంటర్నెట్ పెట్టె పనిచేస్తూనే ఉంటుంది. మంచును పెద్దలు మెత్తని కుంచెతో దులుపుతారు. మీరు బాల్కనీ కమ్మీ మీదుగా వంగకూడదు. ఇంటర్నెట్ తీగ తెగితే రెండవ దారి మూసుకుంటుంది. అప్పుడు డిష్ పనిచేస్తుంది. కరెంటు పోతే రెండూ ఆగిపోతాయి.

1998 జనవరి 5 నుండి 10 వరకు మాంట్రియల్ చుట్టుపక్కల గడ్డకట్టే వాన కురిసింది. తీగలపై మంచుగడ్డ పేరుకుని కరెంటు స్తంభాలు కూలిపోయాయి. క్విబెక్‌లో దాదాపు 14 లక్షల చందాదారులకు కరెంటు పోయింది. కొందరికి నెలరోజుల వరకు రాలేదు. అటువంటి వేళ బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో వార్తలు చెబుతుంది. కనుక రెండు పెట్టెలున్న ఇంట్లో కూడా అటువంటి రేడియో ఒకటి ఉండాలి.

మరొక మాట

"ఒక్కసారి డబ్బు కట్టండి, ప్రపంచంలోని ఛానళ్ళన్నీ ఉచితం" అని పెట్టెలు అమ్మేవారుంటారు. జాగ్రత్త! అనుమతి లేకుండా ఉపగ్రహ సంకేతాల తాళం విప్పి చూడటం, అవి పరదేశపు ఛానళ్ళవైనా సరే, తప్పేనని 2002లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016లో ఫెడరల్ కోర్టు ఇటువంటి పెట్టెలను అమ్మే కొందరు వ్యాపారులను అమ్మకం ఆపమని ఆదేశించింది. పాట వ్రాసినవారికి, పాడినవారికి కూలి ముట్టాలి గదా! మన భాష మీద ప్రేమ ఉన్నవారు ఆ భాషలో పనిచేసేవారి కూలిని ఎగవేయకూడదు.

పిల్లలూ! డిష్ మిమ్మల్ని మీరున్న ఊరితో కలుపుతుంది. ఇక్కడి వానా, మంచూ, ఎన్నికలూ, ఆటలూ చెబుతుంది. ఇంటర్నెట్ పెట్టె మీ పెద్దలు పెరిగిన ఊరితో కలుపుతుంది. రెండు దారులూ మీ ఇంటి ఒకే తెర దగ్గరకు వస్తాయి. కాని నాయనమ్మ చూచినదానిని గురించి సాయంత్రం ఆమెతో తెలుగులో మాట్లాడే పెట్టెను మాత్రం ఎవరూ అమ్మరు. ఆ పని మీదే.

అభ్యాసం

కొత్త మాటలు:
ఉపగ్రహం = గ్రహం చుట్టూ తిరిగేది
ప్రసారం = కార్యక్రమాన్ని నలుదిక్కులా పంపటం
సంకేతపదం = రహస్యంగా ఉంచుకునే గుర్తుమాట
వాయవ్యం = ఉత్తరానికి, పడమరకు నడిమి మూల
ఆగ్నేయం = తూర్పుకు, దక్షిణానికి నడిమి మూల

ప్రశ్నలు:
1. మాంట్రియల్‌లోనూ హైదరాబాదులోనూ డిష్ దక్షిణం వైపే ఎందుకు చూస్తుంది?
2. డిష్‌ను వానతోను, ఇంటర్నెట్ పెట్టెను బావితోను ఎందుకు పోల్చారు?
3. నాయనమ్మకు రిమోట్లు నేర్పకపోతే వచ్చే కష్టమేమి?

లెక్క:
స్పష్టమైన బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్లు కావాలనుకోండి. 8 బిట్లు ఒక బైటు. గంటకు 2,250 మెగాబైట్లు అవుతాయి. రోజుకు రెండు గంటల చొప్పున 30 రోజులకు ఎంత? మీ ఇంటి ఇంటర్నెట్ చందాకు నెలకు పరిమితి ఉన్నదేమో అడిగి, పోల్చి చూడండి.

చేయండి:
దిక్సూచి తీసుకుని మీ బాల్కనీ ఏ దిక్కుకు ఉన్నదో చూడండి. ఇంట్లోవారు చెప్పిన దిక్కు, దిక్సూచి చెప్పిన దిక్కు ఒకటేనా? తరగతిలో చెప్పండి.